మొదటిది ఆపరేషన్, రెండోది నార్మల్: తిరుపతిలో నా కాన్పు, నేను రాసిచ్చిన కాగితం

2024 అక్టోబరు 10న తిరుపతిలో నాకు రెండో పాప పుట్టింది. మొదటి కాన్పు పెద్దాపరేషన్, ఇది నార్మల్. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చుట్టాల్లో కడుపుతో ఉన్నవాళ్లు, మా ఆయన ఆఫీసు వాళ్ల భార్యలు ఒక్కొక్కరే ఫోన్ చేసి అడుగుతున్నారు. ఏ డాక్టరు, ఎంతయింది, కాన్పు ఎట్లా జరగాలో ఏదో కాగితం రాసిచ్చావంట కదా, అందులో ఏముంది అని. ఫోన్లో సగం చెప్పేసరికి పాప లేస్తుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయను. నాకు కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుందనీ అనను.

మొదటి కాన్పు సంగతి కొంచెం చెప్పాలి. 2021 ఆగస్టు, కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజులు. 39 వారాలు నిండగానే ఉమ్మనీరు తగ్గుతోందని చేర్చుకుని పొద్దున నొప్పులు రావడానికి జెల్ పెట్టారు. రోజంతా నొప్పులు పడ్డాను. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. రాత్రి పదింటప్పుడు ఒక డాక్టరమ్మ వచ్చి చూసి, నాతో కాదు, పక్కనున్న సిస్టర్‌తో "దారి రాలేదు, ఓటీకి చెప్పండి" అంది. పది నిమిషాల్లో నన్ను ఆపరేషన్ థియేటర్లోకి తోసుకుపోయారు. బిడ్డ బాగానే పుట్టింది, నేనూ బాగానే ఉన్నాను. అంతా బాగున్నప్పుడు ఇంకేం బాధ అంటారు అందరూ. ఆ రాత్రి నాకేం జరుగుతోందో ఆ గదిలో నాకు తప్ప అందరికీ తెలుసు. నా బాధ అదే.

2024 ఫిబ్రవరిలో మళ్లీ నెల తప్పాక ముందు మా ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్లాం. ఫీజు 500, కూర్చున్నది గంటన్నర, లోపల ఉన్నది ఐదు నిమిషాలు. "ఫస్ట్ సిజేరియన్ కదా, ఇదీ సిజేరియనే. సెప్టెంబరు ఆఖర్లో మంచి రోజు చూసుకుని చెప్పండి" అన్నారు. నార్మల్‌కి ప్రయత్నం చేయొచ్చా అని అడిగితే "రిస్క్ అమ్మా" అన్నారు. ఎంత రిస్కు, ఎవరికి రిస్కు అని అడిగేలోపు తర్వాతి పేషెంటు వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

నాకు నార్మల్ కావాలన్నది పంతం కాదు. పెద్దపాప మూడేళ్లది, ఎత్తుకోకపోతే ఊరుకోదు. మా ఆయన రేణిగుంట దగ్గర కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. పోయినసారి ఆపరేషన్ తర్వాత మంచం మీద నుంచి లేవడానికే నాకు మూడు వారాలు అమ్మ చెయ్యి కావాల్సి వచ్చింది. ఈసారి అమ్మ పాకాలలో నాయనను చూసుకోవాలి, ఆయనకు షుగరు. ఇదీ నా లెక్క.

ఎవర్నడిగినా "వేలూరు పోండి" అన్నారు. చిత్తూరులో ఉండి ఉంటే నేనూ అదే చేసేదాన్ని, అక్కడికి గంట దారి. తిరుపతి నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది. పాత కుట్టు ఉన్న కడుపుతో, నొప్పులు మొదలయ్యాక అంత దూరం కార్లో పోవడం తెలివైన పని కాదనిపించింది. మా వార్డు సచివాలయం ఏఎన్ఎం అక్క మాత్రం "ప్రసూతి ఆసుపత్రికి పో, అక్కడ రాత్రీ పగలూ డాక్టర్లుంటారు, ఖర్చుండదు, ఇంటి దగ్గర దించేదానికి తల్లీ బిడ్డా ఎక్స్‌ప్రెస్ వస్తుంది" అంది. ఆమె మాటలో ఒక ముక్క నాకు బాగా పట్టింది. రాత్రి కూడా డాక్టరు ఉండాలి. ప్రభుత్వాసుపత్రి అంటే మా అత్త ఒప్పుకోలేదు. సరే, ప్రైవేటే అయితే నేను చూడాల్సింది ఏసీ రూము కాదని అర్థమైంది. మత్తు డాక్టరు రాత్రుళ్లు లోపలే ఉంటాడా, ఫోన్ చేస్తే వస్తాడా? రక్తం లోపలే ఉందా, బయటి నుంచి తేవాలా? అర్ధరాత్రి ఆపరేషన్ థియేటర్ ఎంతసేపట్లో సిద్ధమవుతుంది? ఈ మూడూ రిసెప్షన్‌లో అడిగితే ఒకచోట ఆ అమ్మాయి "మీరు డాక్టరా మేడమ్?" అంది. ఇంకోచోట చెప్పలేకపోయారు. మూడో చోట లోపలికి పిలిచి చెప్పారు. అక్కడే చేరాను.

మే నెలలో, 20 వారాల స్కానింగ్ అప్పుడు కొత్త డాక్టరమ్మ మొదట చూసింది మాయ ఎక్కడుందని. పాత కోత మీద మాయ అతుక్కుని ఉంటే నార్మల్ మాటే ఎత్తొద్దంది. నాది పైన, వెనకవైపు ఉంది. ఆ తర్వాత అడిగింది: "పోయినసారి గర్భసంచి మీద కోత ఎట్లా పెట్టారు? అడ్డంగానా, నిలువుగానా?" నా పొట్ట మీద మచ్చ చూపించాను. బయటి మచ్చను బట్టి లోపలి కోత చెప్పలేమని అప్పుడే తెలిసింది. డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్కే ఉంది, ఎల్ఎస్‌సీఎస్ అని, అంటే గర్భసంచి కింది భాగంలో చేసే సిజేరియన్. "ఆపరేషన్ నోట్స్ తీసుకురా, అది లేకుండా నేను మాటివ్వను" అంది.

అక్కడ మొదలైంది అసలు తిరుగుడు. జూన్‌లో పాత ఆసుపత్రికి పోతే "పాత ఫైళ్లు గోడౌన్‌లో ఉన్నాయి, మేడమ్ లేరు, వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారం పోతే అదే పాట. మా తమ్ముడు చిత్తూరు కోర్టులో ఒక సీనియర్ లాయరు దగ్గర పనిచేస్తాడు. వాడు చెప్పాడు: "అక్కా, నోటితో అడగొద్దు. తెల్లకాగితం మీద రాసివ్వు, కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకో. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. కానీ వాళ్లు దాచాల్సింది మూడేళ్లే. నీకు ఆగస్టుతో మూడేళ్లు నిండిపోతాయి, ఆలస్యం చేయొద్దు." రాసిచ్చాను. స్టాంపు వేయడానికి అరగంట నసిగారు. నాలుగోరోజు ఫోన్ వచ్చింది. జిరాక్సులకు 300 తీసుకున్నారు, రసీదు లేదు.

మీరు కూడా ఆపరేషన్ అయినవాళ్లయితే, మళ్లీ బిడ్డ కావాలనుకున్నా అనుకోకపోయినా, ఆ కాగితాలు ఇప్పుడే తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

ఆపరేషన్ నోట్స్‌లో నాకు కావాల్సింది దొరికింది. కింది భాగంలో అడ్డకోత, రెండు పొరలుగా కుట్టు. దాంతోపాటు అనుమతి పత్రం జిరాక్సు కూడా వచ్చింది. మొత్తం ఇంగ్లీషు, ముందే అచ్చు వేసిన ఫారం. "ఎందుకు చేస్తున్నాం", "వేరే మార్గాలు" అన్నచోట గీతలు ఖాళీగా ఉన్నాయి. కింద మా ఆయన సంతకం. నాది ఎక్కడా లేదు. కడుపు నాది, సంతకం ఆయనది. మా ఆయన్ను అడిగితే "క్యాష్ కౌంటర్ దగ్గర నాలుగు కాగితాలిచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టాను, చదివే టైమెక్కడిది" అన్నారు. నిజమే, ఆయన్నని లాభం లేదు. తమ్ముడు ఆ కాగితం చూసి, సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇదే తేల్చిందన్నాడు. మేజరైన మనిషి, తెలివిలో ఉండి చెప్పగలిగినప్పుడు ఆ మనిషి అనుమతే కావాలి. ఆ కేసులో పేషెంటు మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి ఆపరేషన్ చేశారట, తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. ప్రాణం మీదికొస్తే సంగతి వేరు. నేను కేసు వేయలేదు, వేసే ఉద్దేశమూ లేదు. ఆ ఖాళీ గీతలు మాత్రం చాలా రోజులు కళ్ల ముందు ఉన్నాయి.

కాగితాలు చూశాక డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నూ ఇద్దర్నీ కూర్చోబెట్టి అంకెలతో మాట్లాడింది. మొదటిది సిజేరియన్ అయినవాళ్లు ప్రయత్నిస్తే మొత్తం మీద నూటికి డెబ్బై మందికి పైగా నార్మల్ అవుతుంది. ఇంతకుముందు ఒక్క నార్మలైనా అయినవాళ్లకు అవకాశం ఇంకా ఎక్కువ. నాకు అది లేదు, పైగా దారి రాక ఆపరేషన్ అయింది. "నీ లెక్క అరవై అనుకో" అంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది. విడిపోతే బిడ్డకూ నాకూ ఇద్దరికీ ముప్పు, గర్భసంచి తీసేయాల్సి కూడా రావచ్చు. ప్రయత్నం మధ్యలో ఆపి ఆపరేషన్ చేస్తే, ముందే తేదీ పెట్టుకుని చేసినదానికన్నా ఇన్ఫెక్షన్, రక్తస్రావం ఎక్కువ. ఇంకోవైపు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లయితే ప్రతి కాన్పుకూ మాయ అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇవన్నీ చెప్పి "రెండూ తప్పు కాదు, ఇంటికిపోయి ఆలోచించుకోండి" అంది. ఆరోజు ఓపీ ఫీజు 600. ఈ మొత్తం ఖర్చులో మనసారా ఇచ్చిన డబ్బు అదే.

ఆమె షరతులు: జెల్, నొప్పులొచ్చే మాత్రలు పెట్టదు, పాత కోతకు అవి మంచివి కావు. నొప్పులు వాటంతటవే రావాలి. 41 వారాలు దాటితే ఆగదు. నొప్పులు మొదలవగానే రావాలి, ఇంట్లో కూర్చోకూడదు. బిడ్డ గుండె చప్పుడు మిషను తీయకుండా ఉంచాలి. రక్తం, అంటే హిమోగ్లోబిన్, 11కి దగ్గరగా ఉండాలి. నాకు జులైలో 9.2 ఉంది. ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో ఎక్కించారు, సెప్టెంబరుకు 10.8కి వచ్చింది. ఆ ఇంజెక్షన్లకు, రక్తపరీక్షలకు కలిపి ఐదువేలకు దగ్గర్లో అయింది.

ఇప్పుడు కాగితం. కాన్పు ఎట్లా జరగాలో ముందే రాసుకునేదాన్ని బర్త్ ప్లాన్ అంటారని యూట్యూబ్‌లో చూసి మొదట మూడు పేజీలు రాశాను. లైట్లు తగ్గించాలి, పాటలు పెట్టాలి, అవన్నీ. మా ఆయన చదివి "ఇది చదివేసరికి బిడ్డ పుట్టేస్తుంది" అన్నారు. అంతా కొట్టేసి ఒక్క పేజీకి తెచ్చాం. తెలుగులో రాశాను, పెద్ద అక్షరాలతో. డాక్టర్లకంటే ఎక్కువసేపు మన దగ్గర ఉండేది సిస్టర్లు, ఆయమ్మలు కాబట్టి. అందులో ఉన్నవి ఇవి: లేబర్ రూములో నాతో ఒక ఆడమనిషి ఉండాలి. లోపల చెయ్యి పెట్టి చూసే ముందు నాకు చెప్పాలి. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు తాగనివ్వాలి. పొట్ట మీద మోచేత్తో నొక్కకూడదు. కాన్పప్పుడు కింద కోత అవసరమైతేనే పెట్టాలి, పెట్టేముందు చెప్పాలి. బిడ్డకు ఇబ్బంది లేకపోతే బొడ్డుతాడు ఒక నిమిషమైనా ఆగి కత్తిరించాలి, బిడ్డను వెంటనే నా ఎద మీద పెట్టాలి. నన్నడక్కుండా డబ్బా పాలు పట్టకూడదు. కాపర్-టీ ఇప్పుడు వద్దు. ఆపరేషన్ చేయాల్సి వస్తే కారణం నాకే చెప్పాలి, సంతకం నేనే పెడతాను. ఇంకో రెండు రాశాను: చేతికి కాన్యులా (సెలైన్ సూది) వద్దు, నడవనివ్వాలి.

సెప్టెంబరు 7 వినాయక చవితి కావడంతో 36 వారాల చెకప్ 9వ తేదీకి జరిగింది. కాగితం చూసి డాక్టరమ్మ ముందు నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత పెన్ను తీసి చివరి రెండూ కొట్టేసింది. "పాత కుట్టు ఉన్నప్పుడు సూది ముందే ఉండాలి, ఏదన్నా అయితే నరం వెతికే టైముండదు. మిషను వైరు ఎంత దూరం వస్తే అంత దూరం నిలబడు, నడక మాత్రం కుదరదు." పొట్ట మీద నొక్కడం అన్నచోట "నీకు అసలు చేయకూడదు" అని కింద రెండు గీతలు గీసింది. కింద సంతకం పెట్టి ఫైల్లో పెట్టించింది. ఆమె ఆరోజు ఇరవై నిమిషాలు నాతో మాట్లాడింది ఆ కాగితం వల్లనే. కాగితం లేకపోతే బీపీ, బరువు చూసి పంపించేవాళ్లు. రాసిన కోరికలు ఎన్ని తీరాయన్నది తర్వాతి మాట, వాటి గురించి డాక్టరు నోరు విప్పేది నొప్పులు లేనప్పుడే. నొప్పుల్లో ఎవరు ఏం చెప్పినా మన చెవికి ఎక్కదు.

ఇక ఇంట్లో గొడవ. మొదటి క్లినిక్ వాళ్లు సెప్టెంబరు ఆఖర్లో, అంటే 39 వారాలు నిండే 28వ తేదీ దగ్గర్లో ఆపరేషన్ అన్నారు కదా. మా మామ పంచాంగం తీసి చూస్తే అవి మహాలయ పక్షాలు. అమావాస్య అక్టోబరు 2. ఆరోజే సూర్యగ్రహణం, మనకు కనిపించదని ఎంత చెప్పినా వినరు. పితృపక్షంలో ముహూర్తం పెట్టడానికి వీల్లేదన్నారు. నేను ఎంత వాదించినా దొరకని గడువు నాకు పెద్దల లెక్కలో ఊరికే దొరికింది. అమావాస్య దాటాక మాత్రం అత్త మొదలుపెట్టింది. "విజయదశమి 12వ తేదీ. ఆరోజు పొద్దున తీయించేద్దాం. అర్ధగంటలో అయిపోయేదానికి ఎందుకమ్మా ఈ అగచాట్లు?" నా డేటు అక్టోబరు 5. డాక్టరమ్మ పెట్టిన 41 వారాల గడువు లెక్కేస్తే సరిగ్గా 12. దాంతో ఇంట్లో రాజీ కుదిరింది: 12 లోపల నొప్పులొస్తే నాది, రాకపోతే అత్తది. ఆసుపత్రిలో 12వ తేదీ ఉదయం థియేటర్ కూడా రాసిపెట్టారు.

5వ తేదీ వచ్చింది, పోయింది. తిరుపతిలో బ్రహ్మోత్సవాల వారంలో డేటు పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది ఆ టెన్షన్. 8వ తేదీ గరుడసేవ. ముందురోజు రాత్రి నుంచే ఊరు నిండిపోయింది. 8 తెల్లారుజామున నాకు నడుములో నొప్పులు మొదలయ్యాయి. ఆటోవాడు దొరకలేదు, దొరికినవాడు మామూలుకి నాలుగింతలు అడిగాడు. పోలీసులు ఒక్కో దారి మూసేస్తుంటే సందుల్లోంచి తిప్పి తీసుకెళ్లాడు. ఇరవై నిమిషాల దారికి గంటకు పైనే పట్టింది. మిషను పెట్టి చూశారు, గర్భసంచి నోరు ఒక సెంటీమీటరే తెరుచుకుంది. దొంగ నొప్పులు. మధ్యాహ్నానికి అవే ఆగిపోయాయి. ఈ జనంలో మళ్లీ ఇంటికెందుకని డాక్టరమ్మ ఆ రాత్రికి ఉంచింది. రూము అద్దె 2,500. మరుసటిరోజు ఇంటికి వచ్చాను, ఏడ్చాను. అత్త గెలుస్తుందనే అనుకున్నాను.

10వ తేదీ రాత్రి రెండింటికి ఉమ్మనీరు పోయింది. మూడున్నరకల్లా ఆసుపత్రిలో ఉన్నాం, రోడ్లు ఖాళీ. అక్కడ ఎవరూ ముందే చెప్పని సంగతి ఎదురైంది. రాత్రి డ్యూటీ డాక్టరు మా డాక్టరు కాదు. నా ఫైలు ఓపీ రికార్డు రూములో ఉంది, దానికి తాళం, తొమ్మిదింటికి గానీ తీయరు. ఆ డ్యూటీ డాక్టరు అబ్బాయి, నాకన్నా చిన్నవాడే, "ప్రీవియస్ సెక్షన్, నీరు పోయింది, ఓటీకి షిఫ్ట్ చేద్దాం" అని ఆపరేషన్ ఫారం తీశాడు. నాకు 2021 మొత్తం కళ్ల ముందుకొచ్చింది, చేతులు వణికాయి. ఈసారి జిరాక్సు నా సంచిలోనే ఉంది, కింద డాక్టరమ్మ సంతకంతో. సిస్టర్ తీసుకుని నిలబడి చదివింది. నేను ఆ అబ్బాయిని మూడే అడిగాను: బిడ్డ గుండె చప్పుడు బాగుందా, నీరు ఏ రంగులో పోతోంది, మా మేడమ్‌కి ఫోన్ చేశారా. చప్పుడు బాగుంది. నీరు తెల్లగా ఉంది. ఫోన్ చేయలేదు. చేశాడు. ఆమె "చూద్దాం, నేను ఏడింటికి వస్తా" అంది. అతన్ని తప్పుపట్టను, రాత్రి మూడున్నరకి పాత కోత ఉన్న మనిషి వస్తే అతని భయం అతనిది.

లోపలికి ఒక మనిషి అన్నది కూడా తేలిగ్గా జరగలేదు. రూల్ లేదన్నారు, కాగితం మీద సంతకం చూపించాక గౌనుకు 250 కట్టమన్నారు. ముందు అమ్మ వచ్చింది. అమ్మ ఉంటే ధైర్యం అనుకున్నా. ఆరింటికి నొప్పులు గట్టిపడేసరికి నాకంటే అమ్మే ఎక్కువ ఏడ్చింది. "నా బిడ్డను ఇట్లా చూడలేను, కోసేయండి సార్" అని డ్యూటీ డాక్టరు చేతులు పట్టుకుంది. నేనే బయటికి పంపేశాను. ఎనిమిదింటికి అత్త వచ్చింది. నేను పిలవలేదు, తనే గౌను తొడుక్కుని వచ్చింది. ఆమెకు నలుగురు బిడ్డలు, నలుగురూ ఇంట్లోనే పుట్టారు. ఒక్క మాట మాట్లాడకుండా నడుము దగ్గర అరచేత్తో గట్టిగా రుద్దుతూ నిలబడింది. నొప్పి వస్తుంటే "నోరు మూసుకోవద్దు, గట్టిగా అరిచెయ్" అంది. మనతో ఎవరుండాలన్నది ప్రేమను బట్టి కాకుండా గుండె దిటవును బట్టి ఎంచుకోండి, ఇది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

తొమ్మిదింటికి ఆరు సెంటీమీటర్లు. పోయినసారి నాలుగు దగ్గర ఆగిపోయిందని నోట్స్‌లో చదివాను కదా, ఆరు అనగానే ఒళ్లు తేలికైంది. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు, ఎపిడ్యూరల్, కావాలా అని అడిగారు, 9,000 అన్నారు. మత్తు పెడితే కుట్టు విడిపోయే నొప్పి తెలియదేమోనని భయపడ్డాను. డాక్టరమ్మ అలా కాదని, మిషను ముందే చెబుతుందని అంది. అయినా వద్దన్నాను. పదకొండింటికి ఎందుకు వద్దన్నానా అనిపించింది, అప్పటికి మత్తు డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉన్నాడు. చెకింగ్ చేసినవాళ్లలో ఇద్దరు ముందు చెప్పారు, ఒకామె చెప్పలేదు. కొబ్బరినీళ్లు పదింటి దాకా ఇచ్చారు, తర్వాత ఆపేశారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పూర్తిగా తెరుచుకుంది. ముక్కడం మొదలుపెట్టాక అత్త గోడ గడియారం వైపు చూస్తోంది. గురువారం, ఒకటిన్నరకి రాహుకాలం. "ఒకటిన్నరలోపల కానీయమ్మా" అంది నా చెవిలో. ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. ఒంటిగంట దాటాక నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ చప్పుడు తగ్గుతోంది. డాక్టరమ్మ నా ముఖంలోకి చూసి సూటిగా చెప్పింది: "ఇంకో రెండు నొప్పులు చూస్తా. రాకపోతే వాక్యూమ్ పెడతా. దానికీ రాకపోతే థియేటర్. సరేనా?" వాక్యూమ్ అంటే బిడ్డ తలను పట్టి బయటికి లాగేది. సరే అన్నాను. రెండో నొప్పికి "చిన్న కోత పెడుతున్నా" అంది. "ఊ" అన్నాను. ఆ "ఊ" అనుమతేనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. బిడ్డ తల బయటికి వస్తుంటే ఎవరైనా కాదంటారా? కానీ 2021తో పోలిస్తే ఆ మాట నాతో అన్నారు, నా వైపు చూసి అన్నారు. వాక్యూమ్ అవసరం రాలేదు.

పాప ఒంటిగంట నలభైకి పుట్టింది. 3.1 కిలోలు. తడి ఒంటితోనే నా ఎద మీద పెట్టారు. పిల్లల డాక్టరు తొందరపడుతుంటే డాక్టరమ్మ "ఏడుస్తోందిగా, ఒక్క నిమిషం" అని తాడు పట్టుకుని ఆగింది. అత్త బయటికెళ్లి అందరికీ ఒకటీ ఇరవై ఐదుకి పుట్టిందని చెప్పింది. అడిగితే లేబర్ రూము గడియారం పావుగంట ముందుందంది. ఇప్పుడు జనన ధ్రువపత్రంలో ఒక టైము, జాతకంలో ఒక టైము.

కుట్లు వేస్తూనే ఒక సిస్టర్ "కాపర్-టీ ఇప్పుడే వేసేద్దామా, మళ్లీ రావక్కర్లేదు" అంది. మంచిదే కావచ్చు, చాలామంది అప్పుడే వేయించుకుంటారు. కానీ కుట్లు వేస్తుండగా అడగాల్సిన మాట కాదు. కాగితంలో ముందే రాసి ఉండడంతో "వద్దు" అనడం తేలికైంది. ఆరు వారాల చెకప్‌లో తీరిగ్గా మాట్లాడుకుని వేయించుకున్నాను. ఆ రాత్రి పాప ఏడుస్తుంటే ఆయమ్మ డబ్బా పాలు కలిపి తెచ్చేసింది. ఆ కాగితం ఆమెకెవరూ చూపించలేదు. తర్వాతి షిఫ్టుకి మా ఆయన ఇంకో జిరాక్సు తీసి మంచం తలవైపు ప్లాస్టర్‌తో అంటించారు.

నార్మల్ అయితే మర్నాడే లేచి తిరగొచ్చంటారు. నిజమే, తిరిగాను. కూర్చోవడం మాత్రం రెండు వారాలు నరకం. ఈ కోత కుట్ల గురించి ఎవరూ ముందు చెప్పరు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోమన్నారు, అదొక్కటే ఉపశమనం. పాలిచ్చేటప్పుడు పక్కకు తిరిగి పడుకుని ఇచ్చాను.

డిశ్చార్జి 12న, విజయదశమి రోజే. పొద్దున పదింటికి రాసిచ్చారు, ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి సాయంత్రం ఆరున్నరకి వచ్చింది. అంతసేపూ రూము ఖాళీ చేయమంటూ వార్డుబాయ్ వచ్చిపోతున్నాడు. నార్మల్ ప్యాకేజీ 38,000 అని ముందు చెప్పారు, సిజేరియన్ అయితే 70,000. బిల్లు 57,400 వచ్చింది. తేడా ఎక్కడంటే: గంటగంటకీ మిషను చార్జి, 8న ఉన్న రాత్రి, పిల్లల డాక్టరు ఫీజు, ఇంకా "ఓటీ స్టాండ్‌బై" 8,000. నా కోసం థియేటర్ ఖాళీగా ఉంచినందుకు. ఉంచడం న్యాయమే, నేనే అడిగాను కూడా. ఆ చార్జి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇలా ప్రయత్నించేవాళ్లు ప్యాకేజీ అడిగేటప్పుడు స్టాండ్‌బై ఎంత, మిషను గంటకెంత అని విడిగా అడిగి రాయించుకోండి.

ఈసారి డిశ్చార్జి రోజే లేబర్ రూము నోట్స్ కాపీ అడిగాను. రాసిచ్చిన రెండో రోజుకి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. అనుమతి పత్రంలో సంతకం నాదే. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ స్టాండ్‌బై 8,000 మా పరిధిలోకి రాదని కొట్టేశారు. మా ఆయన మెయిల్ పెట్టారు, డాక్టరమ్మ చేత ఎందుకు అవసరమైందో రాయించి జత చేశాం. జవాబు ఇంకా రాలేదు.